పన్నెండున్నరకి చావు నోటీసులు

జగన్నాథ్ టాక్సీ ఎక్కినవాళ్లు మధ్యాహ్నం పన్నెండున్నరకి నోరు మూసుకోవాలి. లంబాసా టాక్సీ స్టాండులో ఇది అందరికీ తెలిసిన సంగతే. నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా సరే, ఆ వేళకి మూలిగితే ఊరుకునేవాడు కాదు. అప్పుడు హిందీ రేడియోలో చావు నోటీసులు చదువుతారు. ఫలానా ఊళ్లో ఫలానా మనిషి పోయాడు, ఇంతమంది కొడుకులు, వాళ్ల పేర్లివి, ఇంతమంది కూతుళ్లు, ఫలానా గంటకి దహనం. ఫీజీలో మనవాళ్లకి చావు కబురు మోసుకొచ్చేది ఆ పెట్టే. ఏ ఇంట్లోనైనా ఆ పది నిమిషాలూ గిన్నెల చప్పుడు ఆపి వింటారు. అయితే ఊరంతా వినేది అయ్యో అనడానికి. జగన్నాథ్ వినేది హమ్మయ్య అనడానికి.

ఎవరు చస్తారని ఆ ఎదురుచూపు? సొంత అన్న చస్తాడని! తోడబుట్టినవాడి పేరు ఈ పూటైనా చదువుతారేమోనని పన్నెండేళ్లపాటు రోజూ చెవి రిక్కించి కూర్చున్న మనిషిని ఏమనాలో నాకైతే తెలియదు.

వాడి వైపు కొంత న్యాయం ఉందంటే కాదనను. తండ్రి సుబ్రమణి పోయేనాటికి టాబియాలో పన్నెండెకరాల చెరకు లీజు ఉండేది. కాగితం మీద ఒక్క పేరే పడుతుందన్నారు ఆఫీసులో. పెద్దవాడు రామ్ చంద్ర తన పేరు వేయించుకున్నాడు. “పేరు నాది, పంట ఇద్దరిదీ” అన్నాడు. రెండు కోతలు తిరిగేసరికి “పేరు నాది, పంటా నాదే” అన్నాడు. జగన్నాథ్ చెరకు కత్తి పట్టుకుని వాకిట్లోకి దూకాడు. నలుగురూ పట్టుకుని లాగకపోతే ఆ రోజే ఒక నోటీసు చదవాల్సి వచ్చేది.

“నీ చావు కబురు రేడియోలో విన్నాకే నేను చస్తా. రాసి పెట్టుకో!” అని అరిచాడు జగన్నాథ్.

“విను. రోజూ విను. చెవులు పోయేదాకా విను” అన్నాడు రామ్ చంద్ర.

వాళ్ల తల్లి నాగమ్మ ఇద్దరినీ చూసింది. లోపలికి వెళ్లి రెండు చీరలు మూటగట్టుకుని వచ్చి చిన్నవాడి వెనకాల నిలబడింది. “ఉన్నవాడికి నేనెందుకు? లేనివాడి దగ్గరుంటా” అంది. అన్న మొహం మాడిపోవడం జగన్నాథ్ కళ్లారా చూశాడు. ఆ రోజు నుంచీ వాడికున్న ఆస్తి అంతా అమ్మే. టాక్సీ ఎక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు, “భూమి వాడు తిన్నాడు భయ్యా. తిననీ. అమ్మ నా ఇంట్లో ఉంది. వాడి గడప తొక్కదు” అని. ఆ మాట అన్నప్పుడు మాత్రం వాడి మొహం వెలిగేది. తల్లికి వేడినీళ్లు తనే కాచేవాడు, కాళ్లకి నూనె తనే రాసేవాడు. భార్య విమ్లా చేస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. ప్రేమ లేదని ఎలా అంటాం? ఉంది. కాకపోతే అందులో సగం అన్నని ఏడిపించడానికే.

ఇక ఆ కారు. జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన పాత బండి. రేడియో మాత్రం కంపెనీ బిగించినదే, డ్యాష్‌బోర్డులో కుదురుగా కూర్చుని ఉండేది. ఎడమ మీట సౌండుకి, కుడి మీట స్టేషనుకి. కొండ చాటుకి వెళ్తే గొంతు కరకరలాడి మునిగిపోయేది. అప్పుడు జగన్నాథ్ ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి, ఒళ్లంతా ఎడమకి వంచి, కుడి మీటని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ గొంతుని వెతికేవాడు. చూపు మీట మీదే. దారి దాని మానాన అది పోయేది. మట్టి రోడ్డు దుమ్ము పడకుండా అద్దాలన్నీ బిగించేవాడు. ఇంక సౌండు ఎంత పెంచేవాడంటే, బయట ఏనుగు ఘీంకరించినా లోపలికి వినపడదు.

స్టాండులో భగవాన్ అని ఇంకో డ్రైవరు. నెమ్మదస్తుడు. ఒకసారి ఉండబట్టలేక చెప్పాడు.

“భయ్యా, స్టేషను బయల్దేరకముందే పెట్టేసుకో. సౌండు పక్క బండి హారన్ వినపడేటట్టు తగ్గించి పెట్టు. ఆ నోటీసులు అంత ముఖ్యమైతే పక్కకి ఆపుకుని విను. పది నిమిషాలేగా!”

“ఆపితే ప్యాసింజరు కూర్చుంటాడా? నీ బండి చూసుకో. నా చెవులకి నువ్వు లైసెన్సు ఇవ్వక్కర్లేదు” అన్నాడు జగన్నాథ్. భగవాన్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎందుకెత్తుతాడు? చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని ఊరుకున్నాడు.

విమ్లా అయితే మొహం మీదే అనేది. “మీ అన్న నీకంటే గట్టిగా ఉన్నాడు. మొన్న బజార్లో చూశా, బుగ్గలు నిండాయి” అని. జగన్నాథ్ కంచం తోసేసి లేచిపోయేవాడు.

నాగమ్మకి ఈ రేడియో సంగతి తెలుసు. తెలియకేం? కన్నతల్లి. బండెక్కిన ప్రతిసారీ వెనక సీట్లోంచి అనేది, “ఒరే, ఆ డబ్బా మీద కాదు, రోడ్డు మీద కన్ను పెట్టు. నీ అన్న చావాలని నువ్వు వింటే, వినే చెవి నాశనమవుతాది.” వాడు నవ్వి ఊరుకునేవాడు. డెబ్బై ఎనిమిదేళ్ల ముసలిది, ఏదో అంటుందిలే అనుకునేవాడు.

పంతొమ్మిది వందల తొంభై ఆరు, ఆగస్టు నెల. చెరకు కోతలు జోరుమీదున్నాయి. మిల్లుకి చెరకు లాగే చిన్న రైలు పగలూ రాత్రీ తిరుగుతోంది. ఆ పట్టాలు రోడ్డుని చాలా చోట్ల అడ్డంగా దాటుతాయి. గేటూ ఉండదు, గంటా ఉండదు. ఇంజను డ్రైవరు హారన్ కొడతాడు, రోడ్డు మీదవాళ్లు విని ఆగుతారు. అక్కడ పుట్టిన మేక కూడా ఆ హారన్ వింటే ఆగుతుంది. చిన్నప్పుడు జగన్నాథే ఆ బండి వెంట పరుగెత్తి చెరకు గడలు లాక్కున్నవాడు. ఆ హారన్ వాడికి కొత్తా?

ఆ రోజు తల్లికి రక్తపోటు చూపించి ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తున్నాడు. ఆమె వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుంది. అద్దాలు బిగించి ఉన్నాయి. పన్నెండున్నర అయింది. సంగీతం ఆగి నోటీసులు మొదలయ్యాయి. మొదటిది సింగటోకా ఊరి మనిషి. రెండోది బా అనే ఊరి మనిషి. మూడోదానికి చదివేవాడు “లంబాసా, టాబియా” అన్నాడు. సరిగ్గా అప్పుడే కొండ మలుపు వచ్చి గొంతు మునిగిపోయింది.

టాబియా! అన్న ఉండే ఊరు! పన్నెండేళ్లు! జగన్నాథ్ ఎడమ మీట ఆఖరుదాకా తిప్పేశాడు. కుడి మీట మీదికి వంగాడు. కారంతా ఒకటే కరకర. ముందర పట్టాలున్నాయి. ఎడమవైపు చెరకు తోట చివరి నుంచి ఇంజను వస్తోంది, హారన్ కొడుతూనే ఉంది.

“ఒరే, గాడీ వస్తోంది! ఆపు! ఒరే జగ్గూ, ఆపరా!” అని అరిచింది నాగమ్మ. ముందు సీటుని రెండు చేతులా బాదింది.

“నోరు ముయ్యి అమ్మా! చుప్! టాబియా పేరు చెబుతున్నాడు!” అన్నాడు కొడుకు.

ఇంజను మెల్లగా వస్తోంది కాబట్టి ప్రాణాలు దక్కాయి. కారు వెనక భాగం ఎడమ పక్కన పట్టి గిరగిరా తిప్పి కాలవలోకి నెట్టేసింది. దుమ్మంతా సర్దుకున్నాక ఇంజను మనుషులు దిగి పరుగెత్తుకొచ్చారు. జగన్నాథ్‌కి నుదుటి మీద గీత పడింది, అంతే. నాగమ్మ తుంటి ఎముక విరిగింది. తలకిందులైన ఆ బండిలో రేడియో మాత్రం చక్కగా, స్పష్టంగా మాట్లాడుతోంది. టాబియాలో పోయింది ఎవరో వితంతువు, తొంభై ఏళ్లు. దహనం సాయంత్రం నాలుగింటికట.

ఆసుపత్రిలో పోలీసు అడిగాడు, “హారన్ వినపడలేదా?” అని. జగన్నాథ్ తల దించుకున్నాడు. “మరి వెనకాల తల్లి అరిచింది కూడా వినపడలేదా?” అన్నాడు. వినపడింది. అందుకేగా నోరు ముయ్యమన్నాడు.

మర్నాడు పొద్దున రామ్ చంద్ర వచ్చాడు. పన్నెండేళ్ల తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒక మంచానికి చెరో పక్క నిలబడ్డారు. పలకరింపా పాడా! ఒకడి కళ్లల్లో నిప్పులు, ఇంకొకడి పెదవి మీద ఎగతాళి. నాగమ్మ పెద్దవాడికేసి తల తిప్పింది.

“నన్ను టాబియా తీసుకుపోరా.”

జగన్నాథ్ ఒక్కసారిగా మంచం పట్టుకున్నాడు. “అమ్మా, తప్పయింది. తిట్టు. చెప్పుతో కొట్టు. పోతానని మాత్రం అనకు. వాడింటికి పోతావా? మన నోట్లో మట్టి కొట్టినవాడింటికి?”

“నువ్వు నన్ను నోరు ముయ్యమన్నావు. మూస్తా. నీ ముందర ఇంక తెరవను” అంది నాగమ్మ. గొంతు పెంచలేదు. “పన్నెండేళ్లు నీ ఇంట్లో ఉన్నా నా గొంతు నీ చెవికెక్కలేదు. వాడి చావే ఎక్కాలి నీకు.”

తర్వాత పెద్దకొడుకుని దగ్గరికి రమ్మంది. చిన్నవాడికి వినపడేటట్టే చెప్పింది.

“నేను పోయినరోజు రేడియోలో ఒక్క కొడుకు పేరే చదివించు. రెండోవాడు వింటూ ఉంటాడుగా, సౌండు పెంచుకుని.”

వార్డులో పక్క మంచాలవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. మనవాళ్లలో అంతకంటే పెద్ద శిక్ష లేదు. తల్లి చావు నోటీసులో పేరు లేనివాడు కొడుకే కాదు. దీవులన్నీ వింటాయి. పెళ్లికి పిలవడం మర్చిపోతే సర్దుకోవచ్చు, దీన్ని ఏం చేసి సర్దుతాం?

“అమ్మ మాట నేను దాటను” అన్నాడు రామ్ చంద్ర. అబ్బో! తమ్ముడికిచ్చిన మాట తప్పినప్పుడు ఈ నీతి ఎక్కడికి పోయిందో! వ్యానులో పరుపు వేయించి తల్లిని ఎక్కించుకుని, తమ్ముడి మీదికి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాడు.

జగన్నాథ్ లైసెన్సు ఆరునెలలు లాగేశారు. ఆ తర్వాత ఇంకొకరి టాక్సీ నడపడం మొదలుపెట్టాడు. మనిషి మారాడని స్టాండులో చెప్పుకున్నారు. బయల్దేరకముందే స్టేషను పెట్టేవాడు. దారిలో మీట మీద చెయ్యి వేసేవాడు కాదు. సౌండు సన్నగా ఉండేది, తన పక్క అద్దం నాలుగు వేళ్లు దించి ఉండేది. పన్నెండున్నర కొట్టేసరికి ఎక్కడున్నా ఎడమకి తీసి, హ్యాండ్ బ్రేక్ లాగి, అప్పుడు వినేవాడు. ప్యాసింజరు తిట్టినా సరే, దిగిపోయినా సరే.

“బాగుపడ్డావు భయ్యా” అన్నాడు భగవాన్. జగన్నాథ్ వాడిని కొట్టినంత పని చేశాడు. బాగుపడటమేమిటి? ఇప్పుడు వింటున్నది అన్న పేరు కోసం కాదు. తన పేరు కోసం. అమ్మ పోయిన రోజున అందులో తన పేరు ఉంటుందా, ఉండదా? ఒక్క ముక్క కూడా జారిపోకూడదని ఆ జాగ్రత్తంతా.

టాబియాకి మూడుసార్లు వెళ్లాడు. గేటు దగ్గర రామ్ చంద్ర కుక్కని విప్పి వదిలేవాడు. మూడోసారి కుక్క పిక్క పట్టుకున్నా లోపలికి వెళ్లి తల్లి మంచం దగ్గర కూలబడ్డాడు. “నా పేరు చెప్పించమ్మా. ఇంకేం వద్దు” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాగమ్మ కళ్లు తుడుచుకుంది. కాని అన్నమాట అన్నదే, నోరు తెరవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

రెండేళ్ల ఏడునెలలు గడిచాయి. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం షీలా అనే టీచరమ్మని ఏర్‌పోర్టుకి తీసుకెళ్తున్నాడు. ఆవిడది రాజధాని సువా, ఇక్కడివాళ్లెవరూ తెలియదు. పన్నెండున్నరకి బండి రోడ్డు పక్కన ఆగింది.

“ఎందుకు ఆపావు? నా విమానానికి టైమవుతోంది!” అందావిడ విసుగ్గా.

“పది నిమిషాలు మేడమ్.”

“ఇదేం టాక్సీ? నీ మీద కంప్లైంటు ఇస్తా!”

రేడియోలో గొంతు తాపీగా చదువుతోంది. లంబాసా, టాబియా. శ్రీమతి నాగమ్మ, స్వర్గీయ సుబ్రమణి గారి భార్య, ఎనభై ఒక్క సంవత్సరాలు. కుమారుడు రామ్ చంద్ర, కోడలు, ముగ్గురు మనవలు. దహనం రేపు మధ్యాహ్నం రెండు గంటలకి. ఆ తర్వాత ఇంకేదో ఊరి పేరు చెప్పి, ఇంకెవరి గురించో మొదలుపెట్టింది.

జగన్నాథ్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. వెనక సీట్లో టీచరమ్మ కోపం కాస్త తగ్గింది. ఎంతైనా చావు కబురు కదా.

“పాపం ముసలావిడ. ఒక్కడే కొడుకన్నమాట” అంది. “ఇంక పోనిస్తావా?”

“అవును మేడమ్, ఒక్కడే” అన్నాడు జగన్నాథ్. అద్దంలో వెనక్కి చూసి, బండి ఏదీ రావడం లేదని తేల్చుకుని, బ్రేకు వదిలాడు.