పొట్టుతో సహా తూకం

1987 మే 19, మంగళవారం. పావగడ, శెనక్కాయల మండీ అరుగు. ఉన్నవాళ్ళు: మండీ సావుకారు, ఆయన తూకం మనిషి, మా అక్క, ఆమె పక్కింటి చిన్నమ్మ, అప్పట్లో తాలూకా కచేరీ గుమాస్తానైన నేను.

అక్క కుడి బొటనవేలు పై కణుపు దాకా తీసేసి అప్పటికి పన్నెండు రోజులు. సావుకారు విత్తనం కాయలను మూటలుగా ఇళ్ళకు పంపి ఒలిపించేవాడు. మిషన్లో వేస్తే గింజ చీలుతుంది, రాయితో కొట్టినా అంతే; చీలిన గింజ మొలవదు. వేళ్ళతోనే ఒలవాలని ఆయన కట్టడి. ఎండుకాయ ముక్కు అక్క గోటికింద గుచ్చుకుని చీము పట్టింది. ఒప్పుకున్న మూట పూర్తి చేయాలని ఇంకో నాలుగు రోజులు ఒలిచింది. వానలు లేక చేను బీడు పడ్డాక ఆ ఇంటికి ఒలుపే బువ్వ.

సావుకారు మిల్లు హాజరు పుస్తకంలో పేరు లేనివాళ్ళకు పరిహారం రాదని కచేరీలో చెప్పారు. అందుకే సావుకారు పేరిట “దయతలచి” అంటూ అర్జీ రాసిచ్చాను. అక్క దాన్ని దారిలోనే చింపేసింది.

“దయ ఎందుకురా? ఆయప్ప పనిలో పోయిన వేలు గదా!”

సావుకారు నవ్వాడు. “నా మిల్లులో యాడ పని చేసినావమ్మా? నీ ఇంట్లో కూచోని ఒలిచినావు. అదేమన్నా ఫ్యాక్టరీనా?”

“ఫ్యాక్టరీనే సావుకారప్పా,” అంది చిన్నమ్మ. “మా ఆయనే వాచ్‌మ్యాను. పగలంతా నిద్రే.”

తూకం మనిషి కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు.

“గింజలూ పొట్టూ కలిపి మళ్ళీ తూకమేసుకుంటివి గదా. పిడికెడు తగ్గితే నీ తూకం మనిషి మా ఇంట్లోకొచ్చి బిడ్డల నోళ్ళు తెరిపించి చూసినాడు. ఆ పొద్దు అది నీ ఫ్యాక్టరీ. వేలు పోయినాక నా ఇల్లయిందా?”

“ఈ లాయరు మాటలు మీ తమ్ముడు నేర్పినాడా?”

“వాడు నన్ను అడుక్కోమన్యాడు.”

నేను తల దించుకున్నాను. సావుకారు ఒక కొత్త చీర తెప్పించి ముందు పెట్టాడు. అక్క దాన్ని ముట్టుకోలేదు.

“మీ హమాలీ కాలిమీద మూట పడితే ఆసుపత్రి ఖర్చూ, పడుకున్న దినాలకు కూలీ ఇచ్చినావు. నాకూ అదే ఇయ్యి. చీర నీ ఇంట్లోవాళ్ళకు పెట్టుకోప్పా.”

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే మూటల బండి అక్క వీధికి వచ్చింది. వాన పడితే విత్తే కాలం. సావుకారుకు గింజలు తొందర. చిన్నమ్మ బండికి అడ్డం నిలబడి, “మా వేళ్ళకు ఏమన్నా అయితే ఎవరిస్తారో చెప్పినాక దించు,” అంది. ఒలిచే ఆడవాళ్ళెవరూ మూట దించుకోలేదు. బండి నిండుగానే తిరిగిపోయింది. ఎండ ఎక్కకముందే తూకం మనిషి ఒక్కడే వచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి, ఆసుపత్రి చీటీలు ఇమ్మని అడిగాడు.

“నీకియ్యను,” అంది అక్క. “సావుకారునే రమ్మను.”