అడిగేటోళ్లు లేని గడియారం

పోయిన ఏడు ఆషాఢంల ఒక బుధవారం, పొద్దుగాల పదకొండుంబావుకు మా పని మునిగింది. ఇయ్యాల మేడ్చల్‌ల మా రేకుల షెడ్డు మీదికెల్లి బోర్డు దించుతుంటే గా గడియ మల్ల యాదికొచ్చింది. ఆ బోర్డు మీది అక్షరాలు నేను కూడబలుక్కొని చదువుత. యాభై దాటినంక నేర్చిన చదువు, జల్దీ రాదు. చేతిపని మాత్రం వచ్చు. సూరారంల రేడియోలు బాగుచేసే దుకాణంల ఇరవై ఏండ్లు టంకం పెట్టిన దాన్ని.

నా బిడ్డ ఇంజనీరు చదివి గా షెడ్డుల చేసింది ఒక్కటే వస్తువు, కరెంటు సబ్‌స్టేషన్ల పెట్టే డబ్బ. తీగ ఎక్కడన్న తెగితే ఆ దెబ్బ రెండు దిక్కులా ఉరుకుతది. రెండు చివర్ల ఉన్న డబ్బలు అది ఏ గడియకు తాకిందో రాసుకుంటయి. రెండూ పోల్చి చూస్తే తెగిన జాగ దొరుకుతది, లైన్‌మన్‌కు వానల చేండ్లెంబడి తిరిగే బాధ తప్పుతది. అయితే రెండు డబ్బల గడియారాలు కలవాలంటే, టైము చెప్పే కబురు వచ్చిన క్షణాన్ని డబ్బల ఉన్న చిప్పు తన గడపకాడనే రాసుకోవాలె. ఇంటికి ఎవరన్న వస్తే గేటుకాడి వాచ్‌మన్ ఆ టైము అప్పుడే రాసుడు వేరు, వంటింట్ల ఉన్నామెను తర్వాత అడుగుడు వేరు. కొత్త చిప్పుల ఆ వాచ్‌మన్‌నే, అంటే గడపకాడి గడియారాన్నే, తీసేసిండ్రు.

ఎందుకు తీసిండ్రో అడిగి, మల్ల పెట్టియ్యమందామని చిప్పుల కంపెనీ సారును గా బుధవారం పిలిపించింది నా బిడ్డ. కోస్తా దిక్కు మనిషి, తూంకుంటల కొత్త కాలనీల ఉంటడు, మాట మెత్తన. నేను ఊకుంటనా? "మీ చిప్పుల ఫోన్ల బొమ్మలు ఎగిరెటందుకు జాగున్నది గని, గీ ఇంతంత గడియారానికి లేదా సారూ?" అన్న.

"జాగా సమస్య కాదండీ పెద్దమ్మగారూ. పెట్టిన ప్రతిదాన్నీ ఒక్కో చిప్పులో పరీక్ష చెయ్యాలి. తప్పొస్తే ఏళ్ల తరబడి మేమే జవాబు చెప్పాలి. బొమ్మలు కోట్లమంది అడుగుతారు. ఇది అడిగేది మీలాంటి నలుగురు. ఆ ఖర్చు అడగనివాళ్ల మీద వేస్తే వాళ్లు పక్క కంపెనీకి పోతారండీ."

మా దగ్గర డబ్బలు పరీక్ష చేసే ముసలామెను అందరం ఖాలా అంటం, చిన్నమ్మ అన్నట్టు. ఆమె ఊకోలే. "అరె సాబ్, బిర్యానిల ఇలాచి అందరు తీసి పక్కకు పెడ్తరు. అయినా ఏస్తం గద!" సారు నవ్విండు.

అప్పుడు నా బిడ్డ గొంతు సవరించుకొని, "మేం ఏడాదికి రెండు వేల చిప్పులు తీస్కుంటం సర్" అన్నది.

నా నోరు ఆగదు. "అబద్ధమెందుకు బిడ్డా? మన డబ్బలు రెండొందలు గూడ పోతలేవు."

నా బిడ్డ నా దిక్కు చూడలే. బల్ల మీది స్క్రూడ్రైవర్‌ను చూసుకుంట కూసున్నది. సారు చాయ్ కప్పు కింద పెట్టి, "రెండు వేలైనా ఇదే చెప్పేవాణ్ణి మేడమ్. పాత చిప్పులు ఉన్నంతవరకు ఇప్పిస్తాను" అన్నడు.

ఉన్నంతవరకే నడిచింది. వేరే కంపెనీలను గూడ అడిగి చూసింది నా బిడ్డ. అందరిదీ గదే లెక్క. మొన్న ఆఖరి డబ్బ అమ్ముడుపోయింది. రెండు వేలైనా గదే జవాబన్నది సారు నిజమే చెప్పిండో, నా ముసలి మొఖం చూసి నన్ను బాధపెట్టొద్దని అట్లన్నడో నాకు ఇప్పటికీ తెల్వదు. బిడ్డనడిగితే "ఇడిసెయ్ అమ్మా" అంటది. కాలం ఏండ్లకేండ్లు గడుస్తదనుకుంటం గని, మాది నేను ఒక్క మాట అనేంత సేపట్ల అయిపోయింది. అది అయిపోయిన కాడ ఉన్నది నలుగురం: కంపెనీ సారు, ఖాలా, నా బిడ్డ, నేను.