మాత్ర మానలేదు, రివ్యూ మానాను

ఆ రోజు పొద్దున కళ్లంలో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తున్నాం. పక్కనున్న మా ఆడపడుచు సుగుణ ఉన్నట్టుండి నా వైపు వంగి, "వదినా, నీ గడియారం వినపడటం లేదేంటి?" అంది.

నా గుండెలో మెటల్ వాల్వ్ ఉంది. చిన్నప్పుడొచ్చిన కీళ్లజ్వరంతో అసలు వాల్వ్ పాడైతే గుంటూరులో ఆపరేషన్ చేసి మార్చారు. అప్పట్నుంచీ పక్కన కూర్చున్నవాళ్లకి కూడా టిక్కుటిక్కుమని వినపడేది. ఇంట్లో అందరూ దాన్ని గడియారమనే అంటారు. సుగుణ అన్నాక నేనూ ఊపిరి బిగబట్టి విన్నాను. చప్పుడు లేదు. రెండు రోజులుగా బిందె ఎత్తితే ఆయాసం వస్తుంటే ఎండదెబ్బ అనుకున్నాను.

మా ఆయన యోహాను కాయని అలాగే వదిలేసి కారు మాట్లాడాడు. గుంటూరు హాస్పిటల్లో ఈసీజీ, ఎకో తీశారు. డాక్టరుగారు స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగారు. "వాల్వ్ మీద రక్తం గడ్డకట్టి క్లాట్ పట్టిందమ్మా. ఒక రెక్క కదలడమే లేదు. రక్తం పలచబడే మాత్ర, బ్లడ్ థిన్నర్ ఆపేశావా?"

"ఒక్క పూట కూడా మానలేదండీ!" అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది.

రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ రిపోర్టు వచ్చింది. మూడు దగ్గరుండాల్సింది ఒకటిన్నర కూడా లేదు. "ఈమధ్య తిండేమన్నా మార్చావా?" అన్నారు.

మార్చాం. ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాల దినాల్లో మా ఇంట్లో నీసు ముట్టం. ఈసారి దొడ్లో తోటకూర, పాలకూర బాగా వచ్చాయని రెండు పూటలా అదే వండాను.

"ఆకుకూర ఎక్కువైతే ఈ మందు పని తగ్గుతుంది. తినొద్దనను. నెలనెలా రివ్యూకి వచ్చుంటే బ్లడ్ టెస్టులో తెలిసేది, డోసు పెంచేవాళ్లం. రెండు నెలలుగా ఎందుకు రాలేదు?"

మొదటి నెల సరిగ్గా ఆ తేదీనే కోతకి కూలీలు దొరికారు. రెండో నెల మా ఇంట్లో ఉపవాస ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ఒంట్లో బాగానే ఉందిగా, వచ్చే నెల పోదాంలే అనుకున్నాం. దేవుడి పేరు చెప్పుకుని తిన్న తోటకూర గుండెకి అడ్డం పడుతుందని ఎవరనుకుంటారు?

ఐసీయూలో క్లాట్ కరిగే మందు ఎక్కించారు. ముక్క ఊడి మెదడుకి పోయే ప్రమాదముందని యోహాను చేత సంతకం పెట్టించుకున్నారు. అన్నంతా అయింది. మర్నాడు సుగుణని పిలుద్దామంటే పేరు మనసులో ఉంది, నోరు తిరగలేదు. స్ట్రోక్ అన్నారు. యోహాను గోడకి ఆనుకుని, "ఒక్కరోజు పోయుంటే..." అన్నాడు.

వాల్వ్ తెరుచుకుంది. మళ్లీ ఆపరేషన్ తప్పింది. స్పీచ్ థెరపీతో మాట చాలావరకు వచ్చింది గానీ, ఇప్పటికీ కొన్ని మాటలు గొంతు దాకా వచ్చి ఆగుతాయి. వాటికంటే నన్ను కుదిపేసింది డిశ్చార్జి రోజు డాక్టరుగారన్న మాట. "రాలేకపోతే కౌంటరుకి ఫోన్ చేస్తే తేదీ మారుస్తారు. లేదంటే మీ దగ్గర సత్తెనపల్లిలోనే రక్తమిచ్చి రిపోర్టు పంపినా డోసు చెప్పేవాళ్లం గదమ్మా."

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. మేం అడగలేదు. తేదీ తప్పితే ఇక తప్పినట్టే అనుకున్నాం.

అందుకే చెప్తున్నాను. రివ్యూ తేదీ కుదరకపోతే మానేయకండి. ఆ రోజే ఫోన్ చేసి ఇంకో తేదీ అడగండి.

మొన్న చర్చిలో స్త్రీల కూడికలో కరుణమ్మక్క తన కాలి పుండు కోసం ప్రార్థన చేయమంది. ఆవిడ షుగర్ పేషెంటు. "డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడక్కా?" అని తడబడుతూ అడిగాను.

"పోయిన వారమేలే. కోతలు గదా!"

ప్రార్థన ఆపి ముందు ఆవిడ హాస్పిటల్‌కి ఫోన్ చేయించాను. అటు నుంచి ఎవరో అమ్మాయి బుధవారం రమ్మని పెట్టేసింది. కరుణమ్మక్క ఫోను వంక చూసి, నా వంక చూసింది.

"ఇంతేనా?" అంది.

ఇంతేనక్కా అనబోయి, అందరి ముందూ ఏడ్చేశాను.