చర్చి మైకులో మిరప ధర

మొన్న గిద్దలూరు బస్సులో ఎవరిదో మిరపకాయల మూట ఘాటుకు వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. వాటితోపాటే మా ఊరి చర్చి మైకు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఆదివారం ఆరాధన ముగిసి అందరం ఆమెన్ అనగానే, పక్కింటి మరియమ్మ పెద్దమ్మ మైకు అందుకుని గుంటూరు మిరప ధర చెప్పేది. ఆ మైకులో వచ్చేది దేవుడి మాటే కాబట్టి ధర కూడా ఆయనే నిర్ణయిస్తాడనుకున్నాను. పెంచమని రోజూ మోకరించి ప్రార్థన చేసేదాన్ని.

ఒక సోమవారం బేరగాడు మా కళ్లానికి వచ్చి కాయలు తిరగేశాడు.

"తాలు ఎక్కువుంది. క్వింటా తొమ్మిది వేలకు మించి రాదు."

నాయన నోరు తెరిచేలోపే నేను అడ్డం పడ్డాను.

"దేవుడు పన్నెండు వేలని చెప్పినాడు!"

నాయన పడీపడీ నవ్వాడు. "దేవుడు కాదు పాపా, మరియమ్మ వదిన కొడుకు. గుంటూరు యార్డులో హమాలీ పని చేస్తాడు గదా, వారం వారం ఫోన్ చేసి వాళ్లమ్మకు చెప్తాడు."

బేరగాడు మాత్రం నవ్వలేదు. తల గోక్కుని, పదకొండున్నర అన్నాడు.

ధర చెప్పింది దేవుడు కాదని తెలిసి ఆ రోజంతా చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు నాయన కాయలమ్మే రోజు ధర నా ఫోన్లోనే చూసి చెబుతాను. చూసే ముందు మాత్రం ఒక్కసారి కళ్లు మూసుకుంటాను.