వీధంతా కలిసి పిలిచిన పేరు

దొంగ పేర్లు పట్టుకోవడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరే నా కొంప ముంచింది. దాన్ని ఊరంతా చెప్పుకొని తిరిగింది నేనే కాబట్టి ఇందులో ఇంకొకరిని అనడానికి లేదు.

రిటైరు కావడానికి అయిదేళ్ల ముందు నన్ను వేంపల్లె ప్రాంతానికి స్పెషల్ బ్రాంచి ఏఎస్సైగా వేశారు. స్పెషల్ బ్రాంచి అనగానే జనం గూఢచారులనుకుంటారు. నా గూఢచర్యమంతా పాస్‌పోర్టు విచారణే. ఎవరైనా దరఖాస్తు పెడితే ఫైలు జిల్లా కార్యాలయం మీదుగా నా దగ్గరికి వచ్చేది. నేను ఆ ఇంటికి పోవాలి, మనిషిని కళ్లారా చూసి ఫొటోతో పోల్చాలి, కేసులేమన్నా ఉన్నాయేమో కనుక్కోవాలి, ఇరుగుపొరుగుల్లో ఇద్దరి చేత సంతకాలు చేయించాలి, చివరికి ట్యాబులో సిఫారసు చేస్తున్నానో లేదో నొక్కాలి.

మా వైపు ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోవడం మామూలే. అలా పోయే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలని రూలు. రూలు వచ్చాక కాగితాల్లో వయసులు తొందరగా పెరగడం మొదలైంది. లండన్‌లో చదివే మా మేనకోడలు చెబుతుంది, అక్కడ రాత్రి క్లబ్బుల్లోకి పోవడానికి పద్దెనిమిది నిండని పిల్లలు అక్క కార్డో అన్న కార్డో చూపిస్తారట. వాకిట్లో నిలబడే మనిషి ఠక్కున, కార్డు మీది పుట్టిన తేదీకి నీ రాశేమిటని అడిగి పట్టుకుంటాడట. నాకూ అలాంటి చిట్కా ఒకటుండేది. విచారణ అయిపోయినట్టు లేచి బండి దాకా పోయి, ఆ మనిషి అటు తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి పేరు పెట్టి పిలిచేవాణ్ని. సొంత పేరయితే తల దానంతటదే తిరుగుతుంది. అరువు పేరయితే ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. ఈ సంగతి టీకొట్టు దగ్గర ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు.

ఆ రోజు నేను పోయింది వేంపల్లెకు దగ్గరి పల్లెలో, చర్చి వెనక వీధికి. దరఖాస్తుదారు మరియమ్మ, ముప్పై రెండేళ్లు, చీనీ, అంటే బత్తాయి తోటల్లో కూలిపని. ముదురు రంగు చీర, నెమ్మదైన మాట, తలలో నాలుగైదు తెల్ల వెంట్రుకలు. ఫొటో సరిపోయింది. పొరుగింటి యేసోబు ఒక సాక్షి. చర్చిలో సంఘపెద్ద కూడా. మజ్జిగ ఇచ్చారు, తాగాను. బండి దగ్గరికి పోయి, ఆమె బిందె ఎత్తుకుంటుండగా "మరియమ్మా" అన్నాను. బిందె తొణక్కుండా వెంటనే తిరిగింది. టీకొట్టు దగ్గర ఆగి ధీమాగా సిఫారసు నొక్కేశాను.

నొక్కాక చూసుకుంటే నెత్తిన హెల్మెట్ లేదు, వాళ్లింట్లోనే మరిచిపోయాను. లేకుండా పోతే జరిమానా రాసేది నా డిపార్టుమెంటే కాబట్టి వెనక్కి తిరిగాను. ఆమె వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఇంతలో లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది.

"రూతూ, ఆ మాత్తర యాడ పెట్టినావే?"

"వస్తాండా అక్కా" అంటూ ఆమె లేచింది. ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు.

లోపల మంచం మీద ఉన్నది అసలు మరియమ్మ. కూలీల ట్రాక్టరు మీద నుంచి పడి కాలు విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది, ఇంకో ఆపరేషన్ చేయాలన్నారు. కువైట్‌లో వాళ్ల చిన్నమ్మ వంట చేసే ఇంట్లో ఇంకో మనిషి కావాలన్నారట. చెల్లెలు రూతుకు ఇరవై ఆరే. అందుకని అక్క ఆధార్ కార్డుతో తానే పోయి దరఖాస్తు పెట్టి, ఫొటో దిగి వచ్చింది. ఆ తెల్ల వెంట్రుకలు మాత్రం నిజమైనవే. ఎండలో పనిచేసే వాళ్లకు ఆ వయసుకే వస్తాయి.

యేసోబును పిలిపించి, ఆ పిల్ల అంత చురుగ్గా ఎలా తిరిగిందని అడిగాను. అతను తల గోక్కున్నాడు.

"మీరు ఎనక నుంచి పిలుస్తారని అందరికీ తెలుసు సార్. పదైదు దినాలు ఈదీ అంతా మరియమ్మా మరియమ్మా అని పిలిచినాం. మొదట్లో పలికేది కాదు. ఆదివారం పాట మధ్యలో పిలిస్తే తిరిగి చూసె. ఇంగ సరిపాయె అనుకున్యాం."

"వాళ్లు పిలిచినప్పుడల్లా నేను పలికేదాన్ని సార్. నోరు మూసుకోమని తిట్నారు" అంది మంచం మీది మరియమ్మ.

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఉద్యోగం కాదని రూతు వైపు తిరిగాను. ఆ దేశం నుంచి వచ్చిన శవాల పెట్టెలను అందుకోవడానికి నేను రెండుసార్లు విమానాశ్రయానికి పోయాను. పెట్టె మీద రాసిన పేరే పేరు. అదే చెప్పాను.

"ఆడ నీకేమన్నా అయితే ఈడ కాగితంలో సచ్చిపోయేది మీ అక్క. రూతు యాడుండాదని అడిగేవాళ్లు ఎవురూ ఉండరు పాపా."

"పోకపోతే మాత్రం ఈడ అడిగేవాళ్లు ఎవురుండారు సార్?" అంది రూతు తలెత్తకుండా.

మంచం మీద నుంచి జవాబు నాకంటే ముందొచ్చింది. "నేనుండాను గదే, అడిగేదానికి. కాలు ఇట్లే ఉండనీ. నా పేరు నాకిచ్చెయ్."

దరఖాస్తు వాపసు తీసుకుంటున్నట్టు అక్కచెల్లెళ్లిద్దరి చేత రాయించి సంతకాలు తీసుకున్నాను. నా సిఫారసు తప్పని, మోసపోయానని డీఎస్పీ గారికి లిఖితపూర్వకంగా విన్నవించుకున్నాను. ఆయన రెండుసార్లు చదివి, మజ్జిగ తాగిన సంగతి కూడా రాయాలా అని మాత్రం అడిగారు. పాస్‌పోర్టు ఎలాగూ రాలేదు, తప్పు వాళ్లే ఒప్పుకున్నారు కాబట్టి కేసు లేకుండా హెచ్చరికతో సరిపెట్టారు. ఆ ఏడు నాకు రావాల్సిన ప్రశంసాపత్రం రాలేదు. మరుసటేడు మరియమ్మ ఆపరేషన్ కర్నూలు పెద్దాసుపత్రిలో అయింది. కొంచెం కుంటుతుంది గాని నడుస్తుంది. రూతు కడపలో ఒక హాస్టల్లో వంటకు కుదిరింది.

కాగితం మీది ముఖమూ ఎదురుగా ఉన్న ముఖమూ ఒకటేనా అని చూడటం ఈ పనిలో సగం. ఆ మనిషి తప్పిపోతే ఏ పేరుతో వెతకాలో ఆ కాగితంలో ఉందా అని చూడటం మిగతా సగం. నా సర్వీసు చాలావరకు మొదటి సగంతోనే గడిచిపోయింది.

నాలుగేళ్లకు, నా ఆఖరి సంవత్సరంలో, రూతు పేరున దరఖాస్తు వచ్చింది. ముప్పై నిండాయి, కాగితాలన్నీ సొంతవే. నేను ఆదివారం ఆరాధన ముగిసే వేళకు చర్చి వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాను. బయటికి వచ్చిన వాళ్లను వచ్చినట్టు ఆపి, ఈమె రూతు, పుట్టినప్పటి నుంచి మాకు తెలుసు అని ఒక్కొక్కరి చేత రాయించాను. రాయలేని వాళ్ల చేత వేలిముద్ర వేయించాను.

"ఇద్దరివి చాలు గదా సార్" అన్నాడు వరుసలో ఉన్న యేసోబు. "అన్నం సల్లారిపోతాండాది."

రూలులో ఇద్దరేనని ఒప్పుకున్నాను. ఆ పదైదు దినాలు పిలిచిన వాళ్లు ఇద్దరేనా అని అడిగాను. అతను పెన్ను అందుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నాలుగు పేజీలు నిండాయి. ఒక్కరిని కూడా వదల్లేదు.