ఆ ఫోటో ఎవరు పంపారు?

హిందీ మాట్లాడే ప్రాంతంలో, మందిర్ హసౌద్ అనే ఊరు దాటాక ఉన్న ఒక యూనివర్సిటీలో నేను లైబ్రేరియన్‌ని. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్లలో మెసేజ్‌లు వస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర కేకలు వినబడి పరుగెత్తాను. దుప్పట్లు అమ్ముకునే ముసలాయనను మా విద్యార్థులే నేలమీద పడేసి తన్నుతున్నారు. ఒకడు బెల్టు తీసి బకిల్ వైపుతో మొహం మీద కొడుతున్నాడు. దుప్పట్లన్నీ నెత్తురు.

నేను ముసలాయన మీదకు వంగి అడ్డుపడ్డాను. బకిల్ నా చేతిమీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

"హటండి మేడమ్! వీడు బచ్చాచోర్, పిల్లల దొంగ. ఫోటో ఉంది, పక్కా ఖబర్!" అని అరిచాడు బెల్టువాడు. రైల్వే కాలనీ తెలుగు కుర్రాడే. రోజూ లైబ్రరీకి వచ్చేవాడు.

"ఎవరు పంపారురా ఆ ఫోటో?"

"గ్రూప్‌లో వచ్చింది."

"గ్రూప్‌లోకి ఎవరు పంపారు?"

అంతలో పోలీసులు వచ్చారు.

ముసలాయనకు ఎడమ కన్ను పోయింది. నేను కట్టుతోనే కూర్చుని ఆ ఫోటో కోసం వెతికాను. ఏ దేశంలోనో వరదలో బిడ్డను ఎత్తుకుని గట్టెక్కిన మనిషిది. ఏళ్ల కిందటి వార్త. దాన్ని పట్టుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇలా వెతకడం విద్యార్థులకు నేర్పాలని డీన్ దగ్గరికి వెళ్లాను.

"మొదటి రోజు లైబ్రరీ క్లాసు పెడుతున్నాం కదా మేడమ్?" అన్నారాయన.

"అందులో అల్మారాలే చూపిస్తాను సర్. మాట ఎక్కడ పుట్టిందో వెతకడం ప్రతి సబ్జెక్టులోనూ నేర్పాలి. దానికి మార్కులుండాలి."

ఆయన ఒప్పుకోలేదు. చరిత్ర చెప్పే మేడమ్ మాత్రం తన క్లాసులో నాకు చోటిచ్చారు. ఆ ఫోటోనే మొదటి పాఠంగా పెట్టాను. సగంమంది దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లే. ఒకడు కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు.

"మమ్మల్ని నేరస్థులంటున్నారా?"

"కూర్చో. ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకు," అన్నాను.

మరుసటి ఏడాది డీన్ ఒప్పుకోవడంతో అన్ని మొదటి సంవత్సరం క్లాసుల్లోనూ ఆ పాఠం వచ్చింది. సస్పెన్షన్ ముగిసి, మళ్లీ మొదటి సంవత్సరమే చదవాల్సిన బెల్టువాడూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒకరోజు దేవేంద్ర నగర్ వెనక ముసలాయన గదికి మాఫీ అడగడానికి వెళ్లాడట.

"నా గొంతు వినగానే రెండు చేతులూ తలమీద పెట్టుకుని మూలకి ముడుచుకుపోయాడు మేడమ్," అని చెప్పి లైబ్రరీ మెట్లమీద కూలబడ్డాడు. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చున్నాను.