ఒక్కసారే ఆమేన్

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో అన్నాలు ఆలస్యం కావడం మొదలైంది. మాది ఏలూరు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మావారు కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకు మేత చేరవేసే వ్యాను నడుపుతారు. ఆయన ఇంటికి వచ్చి స్నానం చేశాక ముగ్గురం కూర్చుని ప్రార్థన చేసుకుని అన్నం తినడం మా అలవాటు. ప్రార్థన వంతు అమ్మాయిదైన రోజున చారు చల్లారిపోయేది.

మొదలుపెట్టేది. సగంలో ఆగేది. "సారీ, మళ్ళీ" అని మొదటికొచ్చేది. ఇంకో రెండు మాటలు ఎక్కువ చెప్పి మళ్ళీ ఆగేది. మావారు ఒక కన్ను తెరిచి నా వైపు చూసేవారు. నేను మూసుకోమని సైగ చేసేదాన్ని.

అది భక్తే అనుకున్నాం. గుళ్ళో, అదే మా చర్చిలో, స్త్రీల కూటం వాళ్ళు నన్ను పట్టుకుని, "ఎంత భక్తండీ మీ అమ్మాయికి! మా పిల్లలు కళ్ళు మూసుకోమని గిల్లితే తప్ప మూసుకోరు" అనేవారు. నాకు లోపల గర్వంగానే ఉండేది.

తర్వాత ఆ ప్రార్థన భోజనం దగ్గర ఆగలేదు. బూట్లు వేసుకునే ముందు ఒకటి, గేటు దాటే ముందు ఒకటి. స్కూలు ఆటో అతను హారన్ కొడుతూనే ఉండేవాడు. ఇది గేటు గొళ్ళెం పట్టుకుని, పెదవులు కదుపుతూ, నుదుటి మీద చెమటతో నిలబడి ఉండేది.

ఆ తర్వాత ఫోన్లు. మా అత్తగారు మండవల్లిలో ఒక్కరే ఉంటారు. ఏలూరు వచ్చి మా దగ్గర ఉండమంటే, "మీ మేడ మీద నా బాతుల్ని ఎక్కడ పెట్టను?" అంటారు. మా అమ్మాయి స్కూలుకు వెళ్ళే ముందు ఆవిడకి ఫోన్ చేసేది.

"నానమ్మా, బాగున్నావా?"

"నిక్షేపంలా ఉన్నానే తల్లీ."

పెట్టేసేది. బూటు లేసు కట్టుకుని మళ్ళీ చేసేది. మొదట్లో మా అత్తగారు మురిసిపోయి, మనవరాలికి తనంటే ప్రాణమని వీధంతా చెప్పుకున్నారు. కొన్నాళ్ళకి ఆవిడే నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, పిల్లకి ఏమైనా పీడకలలు వస్తున్నాయా? నేను చచ్చానేమో అన్నట్టు అడుగుతోంది" అన్నారు.

నా దగ్గరికొచ్చి వేరే ప్రశ్న అడిగేది. "అమ్మా, దేవుడికి నా మీద కోపం రాలేదు కదా?"

"రాలేదమ్మా."

"నిజంగా?"

"నిజంగా."

వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి అదే అడిగేది. నేను అదే చెప్పేదాన్ని. చెప్పిన కాసేపు దాని మొహం తేటపడేది. ఆ తర్వాత ముందుకంటే ఎక్కువగా ముడుచుకుపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "ఒకటి చెబుతాను. నన్ను అసహ్యించుకోకూడదు" అంది.

చేట పక్కన పెట్టాను.

"ప్రార్థనలో 'నానమ్మను కాపాడు' అనబోతుంటే లోపల 'చంపు' అని వినపడుతుందమ్మా. నేను అనను. కానీ నేనే అన్నట్టు ఉంటుంది. అందుకే మళ్ళీ మొదలుపెడతాను. ఆ మాట రాకుండా పూర్తయ్యేదాకా లేవకూడదు. లేస్తే నానమ్మ చచ్చిపోతుంది. అది నావల్లే అవుతుంది."

ఆ మాటలు చెబుతున్నంతసేపూ అది నా మొహం వైపే చూస్తోంది, నేను ఎప్పుడు వెనక్కి జరుగుతానా అని. నేను జరగలేదు. దగ్గరికి తీసుకున్నాను. దాన్ని పట్టుకుని కూర్చున్నాను గానీ నా మనసు వెనక్కి వెనక్కి పోతోంది. ఇంత బరువు లోపల పెట్టుకుని ఈ పిల్ల రోజూ స్కూలుకెళ్ళింది, పరీక్షలు రాసింది, సెలవులకి మండవల్లి వెళ్ళి ఆ నానమ్మతోనే బాతులకి తవుడు కలిపింది. దాని వయసులో నేను గాజు గ్లాసు పగిలితే మా నాన్నకి చెప్పలేక మంచం కింద దాక్కునేదాన్ని.

ఏలూరులోనే ఒక మానసిక వైద్యుడికి చూపించాం. ఓసీడీ అన్నారు. నేను విన్న ఓసీడీ అంటే మాటిమాటికీ చేతులు కడుక్కోవడమే. ఇది కూడా అదేనని, బయటికి కనపడేది మాత్రమే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందని చెప్పారాయన. మాత్రలు రాశారు. వాటితో పాటు వారం వారం మాట్లాడించే వైద్యం కావాలని, తాడేపల్లిగూడెంలో ఒక కౌన్సిలర్ మేడమ్ దగ్గరికి వెళ్ళమన్నారు.

బయటికి రాగానే మావారు, "దేవుణ్ణి తలుచుకుంటుంటే దాన్ని జబ్బంటారేంటి?" అన్నారు. ఆయనది కోపం కాదు, భయం. నేను మా గుడి అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, చాలా ఏళ్ళుగా మా సంఘానికి పాస్టరు. అంతా విని, "అమ్మా, పిల్ల ప్రార్థన చెయ్యట్లేదు, కాపలా కాస్తోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అన్నారు. ఆ మాట మావారికి చెప్పాను. శనివారాలు వ్యాను ఆపేసి మాతో పాటు రైలెక్కారు.

ఆ మేడమ్ గది ఒక షాపు పైన ఉండేది. వెనకే రైస్ మిల్లు. కిటికీ తెరిస్తే ఉడికిన ధాన్యం వాసన, మూస్తే ఉక్క. ఆవిడ నాకంటే చిన్నది. మా అమ్మాయిని "మీరు" అని పిలిచింది. మొదటి రోజు మమ్మల్ని గాక దాన్నే అన్నీ అడిగింది.

"పిచ్చి ఆలోచనలు అందరికీ వస్తాయండీ. మనం పోనిస్తాం. మీ బుర్ర మాత్రం వాటిని గుమ్మంలో నిలబెట్టి సంజాయిషీ అడుగుతోంది. ఎవరంటే మీకు ఎక్కువ ఇష్టమో వాళ్ళ మీదే వస్తాయి. అంతకుమించి వాటికి అర్థం లేదు" అంది.

తర్వాత నా వైపు తిరిగింది. "మీరు 'ఏం కాదమ్మా' అన్నప్పుడల్లా దురద గోకినట్టండీ. అప్పటికి హాయి, తర్వాత ఇంకా దురద. ఇకనుంచి 'ఏమో' అనండి."

"దేవుడికి కోపం వచ్చిందా అని అడిగితే 'ఏమో' అనాలా?"

"అవునండి. కష్టం మీకే ఎక్కువ."

భయపెట్టే పనుల్ని ఒక్కో మెట్టుగా ఎక్కుతూ చెయ్యాలి, కానీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో మేడమ్ చెప్పలేదు. అన్నిటికంటే తేలికైనదేదో, అన్నిటికంటే భయమైనదేదో అమ్మాయినే చెప్పమంది. మా అమ్మాయి గోరు కొరుక్కుంటూ చాలాసేపు ఆలోచించింది. స్కూలుకెళ్ళే ముందు నానమ్మకి ఫోన్ చెయ్యకపోవడం తేలిక అంది. చివరి మెట్టు ఏమిటో చెప్పే ముందు నీళ్ళ గ్లాసు అందుకుంది. తాగి చెప్పింది. "ఆ మాట వచ్చినా సరే, ఆపకుండా ప్రార్థన పూర్తిచేసి, ఒక్కసారే ఆమేన్ అనేసి లేచి అన్నం తినడం."

ఆ సాయంత్రమే అది నన్ను పాత ప్రశ్న అడిగింది. నేను "ఏమోనమ్మా, నాకు తెలీదు" అన్నాను.

దాని మొహం పాలిపోయింది. మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఒళ్ళంతా వణుకు. మావారు లేచి బయటికెళ్ళి, అప్పటికే శుభ్రంగా ఉన్న వ్యాను అద్దాన్ని తుడవడం మొదలుపెట్టారు. నా నాలుక చివర ఉంది ఆ మాట. ఒక్క మాట చెబితే పిల్ల తేరుకుంటుంది. అది నా మొహం చూసి కనిపెట్టేసింది.

"చెప్పకు. నేను ఏడ్చినా చెప్పకు" అంది, పళ్ళు బిగించి.

ఏడ్చింది. నేను చెప్పలేదు. చాలాసేపటికి వణుకు దానంతటదే తగ్గింది. లేచి మొహం కడుక్కుని, "కూరేంటమ్మా?" అని అడిగింది. క్లాసులో మొదటి మార్కులు తెచ్చుకునే పిల్లల్ని ఏళ్ళ తరబడి చూస్తున్నాను. వాళ్ళెవరిలోనూ నేను ఇంత పట్టుదల చూడలేదు. అదీ ఎవరూ చూడని, ఎవరూ మార్కులు వెయ్యని చోట.

మా అత్తగారిని ఒప్పించడం ఇంకో పని. "పిల్ల బాగున్నావా అని అడిగితే బాగున్నానని చెప్పకూడదా? ఇదెక్కడి వైద్యమే?" అన్నారు. మావారు ఓపిగ్గా వివరించారు. ఒప్పుకున్నాక ఆవిడ మాకంటే బాగా చేశారు. పిల్ల ఫోన్ చేస్తే, "బాగున్నానో లేదో నాకేం తెలుసే, నేనేమైనా డాక్టర్నా? ఆ నల్ల బాతు మళ్ళీ కాలవ దాటిపోయింది, దాని సంగతి చెబుతా విను" అని మొదలుపెట్టేవారు. ఫోన్ పెట్టేసే సరికి పిల్ల నవ్వుతుండేది.

అలా నెలలు గడిచాయి. ముందుకీ వెనక్కీ. కొన్ని వారాలు పాత చోటికే వచ్చిపడేది. మేడమ్ దగ్గర కూర్చుని, ఎందుకు పడ్డానో తనే చెప్పి, మళ్ళీ మొదలుపెట్టేది.

ఒక శుక్రవారం చివరి మెట్టు ఎక్కింది. మేం వింటుండగానే గొంతు ఒకచోట తడబడింది. ఆ మాట వచ్చిందని మాకు తెలిసింది. ఆగలేదు. ఆమేన్ అంది. కంచం ముందుకు లాక్కుని అన్నం కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

మర్నాడు ఉదయం మండవల్లి నుంచి పక్కింటావిడ ఫోన్ చేసింది. మా అత్తగారు బాతుల్ని అదిలిస్తూ తడి గట్టు మీద జారిపడ్డారు. మణికట్టు విరిగింది. కైకలూరు తీసుకెళ్ళి కట్టు వేయించారు.

మావారు ఫోన్ పెట్టేసి గది తలుపు దగ్గరికి వేశారు. "దానికి చెప్పొద్దు. రెండ్రోజులాగి చెబుదాం" అన్నారు గొంతు తగ్గించి. నాకూ అలాగే అనిపించింది. మేడమ్‌కి ఫోన్ చేశాను.

"చెప్పెయ్యండి. దాచారంటే, ఆ ఆలోచనకి నిజంగానే శక్తి ఉందని మీరూ నమ్ముతున్నట్టే కదండీ" అంది.

చెప్పాను. మా అమ్మాయి గోడకి ఆనుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. నేను ఏదో అనబోయాను.

"నా బుర్ర ఇప్పుడు ఏమంటోందో నీకు తెలుసు కదా?" అంది.

"తెలుసు."

"అయితే నువ్వేమీ అనకు. నానమ్మ దగ్గరికి వెళ్దాం."

ముగ్గురం వ్యాను ముందు సీట్లో ఇరుక్కుని బయల్దేరాం. కొల్లేరు దాటుతున్నంతసేపూ అది నా చెయ్యి పట్టుకుని ఉంది, పెదవులు మాత్రం కదపలేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఒకచోట రోడ్డు పక్క చెరువులో గూడబాతులు దిగితే వాళ్ళ నాన్నకి చూపించింది.

మా అత్తగారు కట్టుతో మంచం మీద కూర్చుని, చుట్టూ చేరినవాళ్ళకి పడిన వైనం చెబుతున్నారు. వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి దగ్గరికెళ్ళి నిలబడింది. మేం ఆవిడకి పిల్లకి బెంగ అని చెప్పామే గానీ ఆ మాట సంగతి చెప్పలేదు. పిల్లే చెప్పేసింది.

"నానమ్మా, ప్రార్థన చేసేటప్పుడు నువ్వు చచ్చిపోవాలని నాకు లోపల మాట వస్తుంది. నిన్న కూడా వచ్చింది."

మా అత్తగారు దాన్ని ఎగాదిగా చూశారు.

"ఓసి, అదా! మీ తాతతో కాపురం చేసినన్నాళ్ళూ నాకు రోజూ వచ్చేదే ఆ మాట. ఆయన ఎనభై దాటి బతికాడు."

ముందు మావారు నవ్వారు. తర్వాత నేను. పిల్ల ఏడుస్తూ నవ్వింది.

"ఏడుపు ఆపి ప్రార్థన చెయ్యవే, చెయ్యి సలుపుతోంది" అన్నారు ఆవిడ.

మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. నానమ్మ చెయ్యి నొప్పి తగ్గించమంది, ఎముక అతకాలంది. "మా నానమ్మను" అని ఆగింది. బయట బాతులు గోల చేస్తున్నాయి. "కాపాడు. ఆమేన్" అని కళ్ళు తెరిచింది.

"అంతేనా? ఇంత లావు కట్టుకి ఇంత చిన్న ప్రార్థనా?"

"అంతే నానమ్మా. ఒక్కసారే."

దాంతో అంతా నయమైపోయిందని చెప్పను. పదో తరగతి పరీక్షలప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి ప్రార్థన కాదు, హాల్ టికెట్ నంబరు సరిగ్గా రాశానా లేదా అని. రెండో రోజే అది గుర్తుపట్టి, "అమ్మా, ఇది అదే. వేషం మార్చుకుని వచ్చింది" అని తనే మేడమ్‌కి ఫోన్ చేసింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మాత్ర వేసుకుంటుంది. మంచి రోజులే ఎక్కువ.

ఈమధ్య బస్సులో ఒకావిడ పలకరించింది. వాళ్ళాయన చెరువు గట్ల మీద కాపలా ఉంటారట, మావారికి తెలిసినవాళ్ళు. అక్కడ ఎవరో మావారిని, "మీ అమ్మాయికేదో మనసు జబ్బట గదండీ?" అని అడిగారట. అప్పుడు మావారు మేత బస్తా కిందికి దించి, "ఉందండి. దాంతో మా అమ్మాయి తలపడే తీరు చూస్తే మీరు లేచి దండం పెడతారు" అన్నారట. ఆయన ఆ సంగతి నాకు చెప్పలేదు, పిల్లకీ చెప్పలేదు.

ఇంటికొచ్చి అమ్మాయికి చెప్పాను. అది ఫిజిక్స్ రికార్డు రాసుకుంటోంది. తలెత్తి, "నాన్న మరీను" అంది. చెవుల దాకా ఎర్రబడి మళ్ళీ బొమ్మ గీసుకోవడంలో పడింది.